మొదటి డోసుకు ముందే కళ్లె తీయాలి

ఆయాసంతో, జ్వరంతో, ఛాతీలో పోటుతో ఒక మనిషిని ఆసుపత్రిలో చేర్చాక మొదటి గంటలో చాలా పనులు వరసగా జరిగిపోతాయి. వేలికి ఆక్సిజన్ మీటరు పెడతారు, ఎక్స్‌రే తీస్తారు, చేతికి సెలైన్ సూది గుచ్చుతారు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎక్కిస్తారు. కళ్లె పట్టమని చిన్న డబ్బా చేతికివ్వడం మాత్రం చాలాచోట్ల మర్నాడో మూడోనాడో, మొదటి మందు పనిచేయలేదని తేలాక గానీ జరగదు. ఈ వరస మారాలన్నదే నా వాదన. మందు ఆపమని గానీ ఆలస్యం చేయమని గానీ అనడం లేదు. మొదటి డోసు ఒంట్లోకి వెళ్లేలోపు నమూనా డబ్బాలోకి రావాలి, అంతే. ఆ కొద్ది నిమిషాల జాగ్రత్త తీసుకుంటే ఈ రోగికి ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది, ఆ ప్రాంతంలో ఏ మందులు పనిచేస్తున్నాయో కూడా తెలుస్తుంది. తీసుకోకపోతే రెండూ తప్పుగా తెలుస్తాయి.

ఊపిరితిత్తుల విషయంలోనే ఇంత పట్టుదల ఎందుకంటే, మందులకు లొంగని బ్యాక్టీరియా మనుషుల్ని ఎక్కువగా బలిగొంటున్నది అక్కడే. 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రపంచవ్యాప్త అంచనా ప్రకారం 2019 ఒక్క ఏడాదిలో సుమారు 12.7 లక్షల మరణాలకు ఈ నిరోధకతే నేరుగా కారణం. దానితో ఏదో ఒక విధంగా ముడిపడిన మరణాలు 49.5 లక్షలు. వాటిలో 15 లక్షలకు పైగా నిమోనియా, తదితర ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లవే. మరే అవయవానికి సంబంధించిన ఇన్ఫెక్షన్లూ విడిగా తీసుకుంటే ఆ సంఖ్యను దాటలేదు. పైగా ఇక్కడ రోగకారకాన్ని పట్టుకోవడం కూడా కష్టమే. చర్మం మీద పుండైతే చీము ఎదురుగా కనిపిస్తుంది, మూత్రమైతే అడగ్గానే దొరుకుతుంది. ఊపిరితిత్తుల అడుగున ఉన్నది పైకి రావాలంటే గొంతు, నోరు దాటి రావాలి. ఆ రెండూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా బ్యాక్టీరియాతో నిండి ఉండే చోట్లు. నమూనా దొరకడం కష్టం, దొరికినా నమ్మడం కష్టం, ఈలోగా రోగికి ఊపిరి అందదు. అందుకే డాక్టర్లు అంచనా మీద వైద్యం మొదలుపెడతారు. అందులో తప్పు లేదు. అంచనా సరైనదో కాదో తేల్చే ఆధారాన్ని ముందే చెరిపేసుకోవడంలో ఉంది తప్పు.

దగ్గు వచ్చిన ప్రతివాళ్లకీ కల్చర్, అంటే కళ్లెలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష, చేయాలా అంటే, అక్కర్లేదు. జలుబు, గొంతునొప్పి, వాటితోపాటు వచ్చే పొడిదగ్గు చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటికి యాంటీబయాటిక్ అవసరం లేదు, కాబట్టి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందన్న ప్రశ్నే రాదు. అలాంటి మనిషి కళ్లెను ల్యాబ్‌కు పంపితే ఏదో ఒక బ్యాక్టీరియా పెరగక మానదు, ఎందుకంటే గొంతులో అది ఎప్పుడూ ఉండేదే. ఆ రిపోర్టు చూసి మందు రాస్తే, లేని జబ్బుకు వైద్యం చేసినట్టవుతుంది. పరీక్ష అవసరమైంది ఎవరికంటే, నిమోనియాతో ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవాళ్లకు, అందులోనూ ఆక్సిజన్ పడిపోతున్నవాళ్లకు, గత మూడు నెలల్లో ఆసుపత్రిలో ఉండి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లకు, సీఓపీడీ లాంటి పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు, వెంటిలేటర్ మీద ఉండగా కొత్తగా జ్వరం వచ్చినవాళ్లకు. మొండి బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నది వీళ్లలోనే.

కళ్లె ల్యాబ్‌కు చేరాక ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూస్తే ఈ వాదన బలం తెలుస్తుంది. ముందు అది కళ్లేనా, ఉమ్మా అన్నది తేల్చాలి. గాజు పలక మీద పలచగా పూసి మైక్రోస్కోపు కింద పెడతారు. కంటికి ఆనిన ఒక్కో వలయంలో నోటి లోపలి పొర కణాలు పదికంటే తక్కువగా, చీము కణాలు ఇరవై ఐదుకు మించి కనిపిస్తే అది ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందని నమ్మొచ్చు. నోటి కణాలే ఎక్కువగా ఉంటే మంచి ల్యాబ్ ఆ డబ్బాను వెనక్కి పంపి మళ్లీ అడుగుతుంది. అలా వెనక్కి పంపిందని విసుక్కోనక్కర్లేదు, అది శ్రద్ధగా పనిచేస్తున్న ల్యాబ్ అని దాని అర్థం. తర్వాత గ్రామ్ రంగు వేస్తారు. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డేనిష్ వైద్యుడు బెర్లిన్‌లో ఈ రంగును కనిపెట్టింది నిమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కల మీద పనిచేస్తూనే. ఊదారంగు నిలుపుకున్న జంట గింజలు కనిపిస్తే న్యుమోకాకస్ అని, గులాబీ రంగులో లావుపాటి కడ్డీలు కనిపిస్తే క్లెబ్సియెల్లా కావచ్చని గంటలోపే ఒక దారి దొరుకుతుంది. నూట నలభై ఏళ్లు దాటినా ఇంత చవకగా, ఇంత త్వరగా ఇంత సంగతి చెప్పే పరీక్షలు తక్కువే.

మిగిలిన కళ్లెను రక్తం కలిపిన అగార్ మీద, మరికొన్ని రకాల పళ్లాల మీద గీసి, ఒంటి వేడి దగ్గర రాత్రంతా ఉంచుతారు. మెకాంకీ అగార్ మీద క్లెబ్సియెల్లా గులాబీ రంగు జిగురు బొట్లలా పెరుగుతుంది. కొన్ని రకాలను తీగ కొసతో పైకెత్తితే దారంలా సాగుతాయి. ఏ బ్యాక్టీరియానో గుర్తించాక, దాన్ని ముల్లర్ హింటన్ అగార్ పళ్లెం నిండా సమంగా పరిచి, పైన ఒక్కో మందులో తడిపి ఆరబెట్టిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. మందు చుట్టూ పాకుతుంది, పనిచేసిన మేరకు బ్యాక్టీరియా పెరగకుండా గుండ్రటి ఖాళీ మిగులుతుంది. మర్నాడు ఆ ఖాళీని స్కేలుతో కొలుస్తారు. క్లెబ్సియెల్లా మీద మెరోపెనెం బిళ్ల చుట్టూ ఖాళీ 23 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉంటే లొంగుతుందని ‘ఎస్’, 19 లేక అంతకు తక్కువైతే లొంగదని ‘ఆర్’, మధ్యలో ఉంటే ‘ఐ’ అని రాస్తారు. రిపోర్టులో మనం చూసే అక్షరాల వెనక ఉన్నది ఈ కొలతే. పెద్ద ల్యాబుల్లో ఇదే పని యంత్రాలు చేస్తున్నాయి. అయినా నమూనా డబ్బాలో పడ్డప్పటి నుంచి రిపోర్టు చేతికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

ఇంత శ్రమ అవసరమా అనేవాళ్లు మన ఐసీయూల్లో పెరుగుతున్నవేమిటో చూడాలి. భారత వైద్య పరిశోధన మండలి 2013లో మొదలుపెట్టిన నిఘా వ్యవస్థ ఏటా ఇస్తున్న నివేదికల్లో కనిపించేది ఒకే దిశ. ఎసినెటోబాక్టర్ బౌమానియై నమూనాల్లో పదింట ఎనిమిదికి పైగా మెరోపెనెం తరగతి మందులకు లొంగడం లేదు. క్లెబ్సియెల్లాలో సగానికి మించి లొంగనివే. ఇవి పెద్ద ఆసుపత్రుల నుంచి వచ్చిన లెక్కలు కాబట్టి ఊళ్లో నిమోనియా అంతా ఇలాగే ఉందనుకోకూడదు. బయట సాధారణంగా కనిపించే న్యుమోకాకస్ చాలావరకు తగిన మోతాదులో ఇచ్చిన పెన్సిలిన్‌కు ఇంకా లొంగుతూనే ఉంది. దీన్నిబట్టి ఒకే ఎక్స్‌రే, ఒకే జ్వరం ఉన్న ఇద్దరిలో ఒకరికి పాత చవక మందు చాలు, ఇంకొకరికి అతి ఖరీదైనదీ చాలదు. ఛాతీకి స్టెతస్కోపు పెట్టి ఆ తేడా వినలేం. కోవిడ్ కాలం ఈ విషయాన్ని చాలా కఠినంగా చూపించింది. 2020 జూన్ నుంచి ఆగస్టు వరకు పది ఆసుపత్రుల్లో చేరిన 17 వేలకు పైగా కోవిడ్ రోగుల సమాచారాన్ని వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తలు పరిశీలిస్తే, అదనంగా బ్యాక్టీరియా లేదా శిలీంధ్రం సోకినట్టు తేలింది 3.6 శాతం మందికే. కానీ ఆ కొద్దిమందిలో సగానికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువగా దొరికినవి క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్. లక్షలమంది అవసరం లేకుండా అజిత్రోమైసిన్ మింగిన ఆ రోజుల్లో, నిజంగా యాంటీబయాటిక్ అవసరమైనవాళ్లకు మామూలు యాంటీబయాటిక్ పనిచేయలేదు.

ఎసినెటోబాక్టర్ మీద ఇప్పటికీ కొంత ఆశ మిగిల్చిన మందుల్లో మినోసైక్లిన్ ఒకటి. అది టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో. మినోసైక్లిన్ కూడా ఆ సంస్థలోనే తయారైంది. అంత పాత కుటుంబపు మందు ఈ రోజు ఒకరిని బతికించగలదా అన్నది పళ్లెం మీద బిళ్ల చుట్టూ ఎంత ఖాళీ మిగిలిందో చూస్తే తప్ప తెలియదు.

రోగి ఆగలేడు, రిపోర్టు కోసం రెండు రోజులు ఎలా కూర్చుంటామన్నది డాక్టర్లు చెప్పే మొదటి అభ్యంతరం. నిజమే, కూర్చోకూడదు. రక్తపోటు పడిపోయిన రోగికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. వాటిలోనే, మందు ఆరంభం 45 నిమిషాలకు మించి ఆలస్యం కానంతవరకు కల్చర్ నమూనాలు ముందే తీయమని కూడా ఉంది. రక్తం తీయడానికి నర్సుకు కొన్ని నిమిషాలు చాలు. కళ్లె రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించవచ్చు, ట్యూబు వేసి ఉంటే దానిలోంచి లాగవచ్చు. ఆ వ్యవధిలో రాకపోతే మందు మొదలుపెట్టాల్సిందే. ప్రయత్నమే చేయకపోవడం మీదే నా అభ్యంతరం. మందు మొదలైన 48 గంటలకు రిపోర్టు వస్తే, అంచనా సరైనదైతే కొనసాగించవచ్చు, ఎక్కువైతే తగ్గించవచ్చు, తప్పైతే మార్చవచ్చు. నమూనా లేకపోతే ఈ మూడింటిలో ఏదీ ఆధారంతో చేయలేరు. మిగిలేది ఇంకా పెద్ద మందుకు వెళ్లడం.

అసలు నష్టం ఇక్కడే ఉంది, దీని గురించి బయట మాట్లాడుకునేది చాలా తక్కువ. యాంటీబయాటిక్ రెండు మూడు రోజులు పడ్డాక తీసిన కళ్లెలో ఏం పెరుగుతుంది? మందుకు లొంగినవి అప్పటికే చచ్చిపోయి ఉంటాయి. న్యుమోకాకస్ లాంటి సుకుమారమైనవి ఒకటి రెండు డోసులకే కల్చర్‌లో కనిపించకుండా పోతాయి. చావనివి, ఆ మందుకు లొంగనివి, ఖాళీ అయిన చోటుకు గొంతులోంచి కొత్తగా వచ్చి చేరినవి పళ్లెం నిండా పెరుగుతాయి. రిపోర్టు మీద వరసగా ‘ఆర్’లు కనిపిస్తాయి. డాక్టరు దాన్ని చూసి మొదటి నుంచీ ఇదే జబ్బు తెచ్చిందనుకుని పెద్ద మందుకు మారుస్తారు. రోగికి మొదట్లో ఉన్నది చిన్న మందుకు లొంగే న్యుమోకాకసే అయి ఉండవచ్చు, అది ఎవరికీ తెలియదు. ఇలాంటి రిపోర్టులన్నీ ఏడాది చివర పోగేస్తే ఆ ఆసుపత్రిలో అంతా మొండి బ్యాక్టీరియానే ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఆ లెక్క చూసి వచ్చే ఏడాది మొదటి రోజునుంచే మెరోపెనెం మొదలుపెడతారు. దాంతో నిజంగానే మెరోపెనెంకు లొంగనివి పెరుగుతాయి. ఆలస్యంగా తీసిన నమూనా ఒక రోగి వైద్యాన్ని పక్కదారి పట్టించడంతో ఆగదు, మొత్తం ఆసుపత్రి మందుల వాడకాన్ని ఒక మెట్టు పైకి నెడుతుంది. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగాలంటే మొదటి డోసుకు ముందు తీసిన నమూనాల లెక్క విడిగా ఉండాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఎంత జాగ్రత్తగా చేసినా కల్చర్‌లో చాలాసార్లు ఏమీ దొరకదు. అమెరికాలో ఆసుపత్రుల్లో చేరిన రెండు వేలకు పైగా నిమోనియా రోగుల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, అన్ని రకాల పరీక్షలూ కలిపినా కారణం దొరికింది 38 శాతం మందిలోనే, అందులోనూ వైరస్‌లే ఎక్కువ. ఆ దేశపు వైద్య సంఘాలు 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంటి దగ్గర వైద్యం తీసుకునే నిమోనియా రోగులకు మామూలుగా కళ్లె కల్చర్ అక్కర్లేదన్నాయి. దాన్ని నేనూ ఒప్పుకుంటాను. అయితే అవే మార్గదర్శకాలు తీవ్రమైన నిమోనియాలోనూ, మొండి బ్యాక్టీరియాను అనుమానించి పెద్ద మందులు మొదలుపెట్టినప్పుడూ కల్చర్ తప్పనిసరిగా చేయమన్నాయి. ఏమీ పెరగకపోవడం కూడా పనికొచ్చే సమాచారమే. మందుకు ముందు తీసిన మంచి నమూనాలో సూడోమోనాస్, స్టెఫైలోకాకస్ కనిపించలేదంటే వాటికోసం మొదలుపెట్టిన మందుల్ని ఆపే ధైర్యం డాక్టరుకు వస్తుంది. మందు పడ్డాక తీసిన నమూనా ఆ ధైర్యాన్ని ఇవ్వలేదు.

పైగా అమెరికా నిమోనియా, మన నిమోనియా ఒకటి కావు. ఇక్కడ క్షయ కూడా నిమోనియాలా మొదలవుతుంది. దగ్గు, జ్వరం చూసి లీవోఫ్లాక్ససిన్ ఇస్తే అది క్షయ బ్యాక్టీరియాను కూడా కొంత అణుస్తుంది. నాలుగు రోజులు నయమైనట్టు అనిపిస్తుంది, క్షయ బయటపడటం వారాల తరబడి ఆలస్యమవుతుంది. అదే తరగతి మందు, ఇతర క్షయ మందులు పనిచేయనప్పుడు ఆధారపడవలసిన వాటిలో ఒకటి. ముందే అరకొరగా వాడి దాన్నీ మొద్దుబార్చుకుంటున్నాం. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఈ మందు ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టరులో రాయాలి. మందుల షాపు కౌంటరు దగ్గర ఆ నిబంధన ఎంత గట్టిగా నిలుస్తోందో పాఠకులకు చెప్పనక్కర్లేదు.

మన ప్రాంతానికి ఇంకో ప్రత్యేక కారణం మెలియాయిడోసిస్. బర్కొల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా తడిమట్టిలో, వరిచేలలో, నిలవనీటిలో ఉంటుంది. వానాకాలంలో, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లకు సోకుతుంది. రోగుల్లో సుమారు సగం మందిలో నిమోనియాగా బయటపడుతుంది. 2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గరి తురకపాలెంలో వరస మరణాల తర్వాత ఈ జబ్బునే అనుమానించి వైద్యబృందాలు ఊరివాళ్ల రక్త నమూనాలు సేకరించాయి. ఇది పుట్టుకతోనే జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగదు. నిమోనియా అనగానే అందరూ ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్ దీనిమీద నమ్మదగినది కాదు. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెం కనీసం పది పద్నాలుగు రోజులు ఇచ్చి, తర్వాత కోట్రైమోక్సజోల్ మాత్రలు నెలల తరబడి వాడాలి. కల్చర్ చేయకుండా ఈ సంగతి ఊహించడం దాదాపు అసాధ్యం. చేసినా, అలవాటు లేని ల్యాబ్ దీన్ని సూడోమోనాస్ అనో, బయటనుంచి కలిసిన చెత్త అనో పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. షుగరు రోగి, పొలం పని, వానాకాలం అన్న మూడు మాటలు నమూనాతోపాటు పంపే చీటీ మీద డాక్టరు రాస్తే ల్యాబ్‌లో ఉన్నవాళ్లు వెతికే తీరు మారుతుంది.

చిన్న ఊళ్లలో మైక్రోబయాలజిస్టు ఎక్కడున్నాడు, ఖర్చు ఎవరు భరిస్తారన్నది మూడో అభ్యంతరం. దీనికి జవాబు క్షయ కార్యక్రమమే చూపించింది. ఒకప్పుడు క్షయ బ్యాక్టీరియా మందుకు లొంగుతుందో లేదో తెలియాలంటే కల్చర్‌కు వారాలు పట్టేవి. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష కళ్లెలోంచి నేరుగా రెండు గంటల్లోపే క్షయ ఉందా, రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నది చెబుతుంది. మన దేశంలోనే రూపొందిన ట్రూనాట్ బ్యాటరీ మీద నడిచే చిన్న యంత్రంతో ఆ పనిని చిన్న కేంద్రాల్లోకి తెచ్చింది. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. పల్లెల నుంచి కళ్లె డబ్బాలు చేరవేసే ఏర్పాటూ ఉంది. నిమోనియా కళ్లె కూడా రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరితే మంచిది, కాకపోతే ఫ్రిజ్‌లో పెట్టి ఒక రోజులోపు పంపవచ్చు. జిల్లా ఆసుపత్రిలోనో, దగ్గరి మెడికల్ కాలేజీలోనో ఒక మంచి ల్యాబ్ ఉంటే చుట్టుపక్కల నర్సింగ్ హోములన్నిటికీ అదే చాలు. కల్చర్ ఖర్చు వందల్లో ఉంటుంది, వారం రోజులు అనవసరంగా ఎక్కించిన పెద్ద మందు ఖర్చు వేలల్లో.

అయితే క్షయలో వెతకాల్సింది ఒక బ్యాక్టీరియాని, ఒక జన్యువులో మార్పుల్ని. నిమోనియాకు కారణాలు డజన్ల కొద్దీ. గంటకు కాస్త అటూ ఇటుగా ఫలితం ఇచ్చే నిమోనియా ప్యానెళ్లు వచ్చాయి, ఎన్‌డీఎం వంటి నిరోధక జన్యువుల్ని కూడా పట్టుకుంటాయి. కానీ జాబితాలో పెట్టిన జన్యువులే వాటికి దొరుకుతాయి. మన ఎసినెటోబాక్టర్‌లో విస్తారంగా ఉన్న ఆక్సా-23 జన్యువు ప్రస్తుతం ఎక్కువ వాడకంలో ఉన్న ప్యానెల్‌లో లేదు. పైగా అవి ఖరీదైనవి. తీవ్రస్థితిలో ఉన్న రోగికి అవి అదనపు సాయం, పళ్లెం మీద పెరిగే కల్చర్‌కు బదులు కాలేవు.

ఏ పరీక్ష చేసినా బ్యాక్టీరియా దొరకడం వేరు, జబ్బు ఉండటం వేరు. వెంటిలేటర్ ట్యూబులో కొన్ని రోజులకే ఎసినెటోబాక్టర్ కాపురం పెడుతుంది. రోగికి జ్వరం లేదు, ఎక్స్‌రే మారలేదు, ఆక్సిజన్ అవసరం పెరగలేదు. అలాంటప్పుడు రిపోర్టులో దాని పేరు ఉందని కొలిస్టిన్ మొదలుపెడితే కిడ్నీలు దెబ్బతినడమే మిగలవచ్చు. అందుకే ట్యూబులోంచి లాగిన నమూనాలో ఎంత పెరిగిందో లెక్కపెడతారు. మిల్లీలీటరుకు లక్ష దాటితే జబ్బు అనుకునే వీలుంది, ఆ లెక్కను కూడా రోగిని చూశాకే నమ్మాలి. ల్యాబ్ డాక్టరు, వార్డు డాక్టరు ఫోనులో రెండు నిమిషాలు మాట్లాడుకునే ఆసుపత్రికీ, కాగితం మాత్రమే ఇటూ అటూ తిరిగే ఆసుపత్రికీ మధ్య రోగికి పడే తేడా చాలా ఎక్కువ.

రోగి తరఫువాళ్లు చేయగలిగింది కూడా ఉంది. మొదటి ఇంజెక్షన్ వేసే ముందు, కల్చర్‌కు పంపుతున్నారా డాక్టరుగారూ అని అడగడంలో తప్పు లేదు. మూడో రోజున రిపోర్టు వచ్చిందా, దాన్నిబట్టి మందు మార్చాలా అని మళ్లీ అడగవచ్చు. ఇంటికి పంపేటప్పుడు ఆ రిపోర్టు కాపీని ఫైల్లో పెట్టించుకోవాలి. ఇంతకుముందు కళ్లెలో మొండి సూడోమోనాస్ దొరికిందన్న సంగతి, తర్వాతి నిమోనియాలో అది మళ్లీ ఉండొచ్చని చెప్పే ఆధారాల్లో అన్నిటికంటే బలమైనది. గుంటూరులో వైద్యం పొందిన మనిషి నెల తర్వాత హైదరాబాద్‌లో అర్ధరాత్రి అత్యవసర విభాగానికి వస్తే, అక్కడి డాక్టరు మొదటి మందు ఎంచుకోవడానికి పనికొచ్చేది ఆ ఒక్క కాగితమే. దాని మీద బ్యాక్టీరియా పేరు, ఏ మందులకు లొంగింది, నమూనా తీసిన తేదీ ఉంటాయి. వాటి పక్కన ఇంకో గడి చేర్చి, నమూనా మొదటి డోసుకు ముందు తీసిందా తర్వాత తీసిందా అన్నది కూడా ల్యాబులు రాయాలి.